వెబ్ నేర్చుకునేవాళ్లకు తొలి భాష ఏది? కొన్ని అనుభవ పాఠాలు

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తితే ఫ్లెక్సీలే జవాబు చెప్పేస్తాయి. జావా ఫుల్ స్టాక్, పైథాన్ ఫుల్ స్టాక్, మెర్న్ స్టాక్, డాట్ నెట్. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఆ బోర్డుల కింద నిలబడి, ఏ డెమో క్లాసుకు వెళ్లాలో తేల్చుకోలేక సీనియర్లకు ఫోన్లు చేస్తుంటారు. వైటూకే రోజుల్లో అక్కడే మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ బోర్డులు ఉండేవి. బోర్డులు మారాయి గానీ, “ఏ లాంగ్వేజ్‌తో మొదలుపెట్టమంటారు సార్?” అన్న ప్రశ్న మాత్రం మారలేదు. డయలప్ మోడెమ్ కాలం నుంచి వెబ్‌సైట్లు కడుతూ, ఆ పని కొత్తవాళ్లకు నేర్పుతూ వచ్చినవాణ్ని. నా తీర్పు ముందే చెప్పేస్తాను. వెబ్ కోసమే వచ్చినవాళ్లు జావాస్క్రిప్ట్‌తో మొదలుపెట్టాలి. ఎందుకో, ఎవరికి ఈ మాట వర్తించదో కింద రాస్తున్నాను.

1. బ్రౌజర్ పనేదో, సర్వర్ పనేదో ముందు తెలుసుకోండి

ఆర్టీసీ బస్సు టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకుంటున్నారు అనుకోండి. సీటు మీద వేలు పెట్టగానే దాని రంగు మారింది, కింద చార్జీ కనిపించింది. ఆ పని మీ ఫోన్‌లోనే, బ్రౌజర్‌లో జరిగింది. ఆ సీటు నిజంగా ఖాళీగా ఉందా, అదే క్షణంలో వేరేవాళ్లు తీసుకోలేదు కదా అని చూసింది మాత్రం ఎక్కడో ఉన్న సర్వర్. వెబ్ పనంతా ఈ రెండు చోట్లా పంచుకుని నడుస్తుంది.

సర్వర్ వైపు మీకు స్వేచ్ఛ ఉంది. పైథాన్, పీహెచ్‌పీ, జావా, రూబీ, గో, ఏదైనా వాడవచ్చు. బ్రౌజర్ వైపు ఆ స్వేచ్ఛ లేదు. వెబ్ అసెంబ్లీ అనే మరో దారి ఉన్నా అది కొత్తవాళ్లు నడిచే దారి కాదు. బ్రౌజర్ తనంతట తాను అర్థం చేసుకుని నడిపే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ ఒక్కటే. మీరు సర్వర్‌కు ఏ భాష ఎంచుకున్నా, ఏదో ఒక రోజు జావాస్క్రిప్ట్ దగ్గరికి రాక తప్పదు. ఎటూ రావాల్సిందే అయినప్పుడు అక్కడే మొదలుపెట్టడం మేలు.

2. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ దాటేసి పోవద్దు

ఇవి ప్రోగ్రామింగ్ భాషలు కావని కొందరు చిన్నచూపు చూస్తారు. కాకపోతే ఏం? పేజీ అంటూ లేకపోతే మీ ప్రోగ్రాం ఎక్కడ కనిపిస్తుంది? టిమ్ బెర్నర్స్-లీ సెర్న్‌లో పెట్టిన మొట్టమొదటి వెబ్‌సైట్ 1991 నాటిది. ఆ పేజీ ఈనాటి ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. కంప్యూటర్ రంగంలో ఇంతకాలం చెల్లుబాటయ్యే చదువు చాలా తక్కువ.

కొత్తవాళ్లకు హెచ్‌టీఎంఎల్ చేసే ఇంకో ఉపకారం ఏమిటంటే, అది తప్పును కసురుకోదు. ఒక పేరా ట్యాగ్ మూయడం మరిచిపోయినా పేజీ కనిపిస్తుంది. భయం పోవడానికి ఇది చాలా మంచిది. ఫారం ఒకటి శ్రద్ధగా కట్టడం నేర్చుకోండి. ఫోన్ నంబరు అడిగే గడికి సరైన రకం రాస్తే, ఫోన్‌లో అంకెల కీబోర్డే పైకి వస్తుంది. అది తెలిసిన పిల్లవాడు వాడేవాళ్ల గురించి ఆలోచించడం మొదలుపెట్టినట్టే.

3. ఆ రోజే ఫలితం కనిపించే భాషతో మొదలుపెట్టండి

జావాస్క్రిప్ట్‌కు ఇన్‌స్టాల్ చేయాల్సింది ఏమీ లేదు. పాత కంప్యూటర్ అయినా, ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చున్నా, బ్రౌజర్ తెరిచి ఎఫ్12 నొక్కితే కన్సోల్ వస్తుంది. అక్కడ ఒక లైను రాసి ఎంటర్ కొడితే జవాబు. జావాకైతే జేడీకే దించాలి, పాత్ సెట్ చేయాలి. పైథాన్‌కు వెర్షన్ల గొడవ. మొదటి వారం అంతా సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడంతోనే సరిపోయి, అసలు కోడ్ రాయకుండానే మానేసిన పిల్లలను చాలామందిని చూశాను. వాళ్లకు తెలివి లేక కాదు. ఫలితం కంటికి కనిపించక విసుగుపుట్టింది.

నేను మొదట చేయించే పని పాల లెక్క. రెండు గడులు, ఒక బటన్. ఉదయం ఎన్ని లీటర్లు, సాయంత్రం ఎన్ని లీటర్లు పోయించుకున్నారో రాస్తే మొత్తం ఎంతో, ఎన్ని రూపాయలో చెప్పాలి. పిల్లలు ఉత్సాహంగా రాస్తారు. ఉదయం 1, సాయంత్రం 2 అని కొట్టి బటన్ నొక్కుతారు. మొత్తం 12 లీటర్లు అని వస్తుంది.

ఈ 12 దగ్గర నేను తొందరపడి ఏమీ చెప్పను. గడిలోంచి వచ్చేది అంకెలా కనిపిస్తున్నా, ప్రోగ్రాంకు అది అక్షరాల వరస, అంటే స్ట్రింగ్. కూడిక గుర్తుకు రెండు వైపులా స్ట్రింగ్‌లే ఉంటే జావాస్క్రిప్ట్ వాటిని పక్కపక్కన అతికిస్తుంది. ఇంకా తికమక పెట్టేది ఏమిటంటే, అవే స్ట్రింగ్‌లను గుణిస్తే సరైన లెక్కే వస్తుంది. లీటరు ధర 60 అనుకుంటే, ‘2’ను ‘60’తో గుణిస్తే 120 అని బుద్ధిగా చెబుతుంది. అందుకని పిల్లలు ఏ పూటకాపూట ధర లెక్క బాగుంది, మొత్తమే తప్పుతోంది అని తల పట్టుకుంటారు. నంబర్ అనే ఫంక్షన్‌తో స్ట్రింగ్‌ను అంకెగా మార్చి కలిపితే 3 వస్తుంది.

ఇదే పని పైథాన్‌లో చేస్తే, రెండు స్ట్రింగ్‌లను కలిపినప్పుడు అక్కడా ‘12’ అనే వస్తుంది. కానీ స్ట్రింగ్‌ను అంకెతో కలపబోతే పైథాన్ ఆగిపోయి, ఇది కుదరదని ఎర్రర్ చూపిస్తుంది. పీహెచ్‌పీలో కూడిక గుర్తు కూడికకే. అతికించడానికి చుక్క వేరే ఉంది కాబట్టి 3 అనే వస్తుంది. ఒకే పాల లెక్కతో మూడు భాషల స్వభావం బయటపడింది చూడండి. డేటా టైప్ అంటే ఏమిటో పుస్తకంలో చదివినవాడికంటే, 12 లీటర్లు చూసి ఉలిక్కిపడినవాడికే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

జావాస్క్రిప్ట్‌కు ఇలాంటి వంకరలు ఎందుకున్నాయంటే, దానికో చరిత్ర ఉంది. 1995 మే నెలలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ దాని తొలి రూపాన్ని 10 రోజుల్లో తయారుచేశాడు. అప్పుడు పడిన ముడులు కొన్ని అలాగే ఉండిపోయాయి, ఎందుకంటే వాటిని విప్పితే పాత వెబ్‌సైట్లు ఆగిపోతాయి. 2015లో వచ్చిన పెద్ద మార్పులతో భాష చాలా చక్కబడింది. అందుకే 2015కు ముందు రాసిన పాఠాలతో నేర్చుకోవద్దని చెబుతాను. మీ పాఠంలో ప్రతి వేరియబుల్‌నూ ‘వార్’ అనే మొదలుపెడుతుంటే అది పాతది. ‘లెట్’, ‘కాన్‌స్ట్’ అని ఉంటే ముందుకు వెళ్లండి.

ఇంకో మాట. జావా, జావాస్క్రిప్ట్ వేరు వేరు భాషలు. ఒకదానికి ఫీజు కట్టి ఇంకోటి నేర్పుతారని ఎదురుచూసినవాళ్లు ఉన్నారు. చేరే ముందే అడిగి తెలుసుకోండి.

4. ఎర్రర్ చదవడం వచ్చేదాకా భాష వచ్చినట్టు కాదు

ఇక్కడ పైథాన్ మంచి గురువు. న్యాయంగా ఒప్పుకోవాలి. ఎర్రర్ వస్తే ఎక్కడ వచ్చిందో లైను నంబరుతో చెబుతుంది, చివరి వరసలో కారణం రాస్తుంది. 2021లో వచ్చిన 3.10 వెర్షన్ నుంచి ఇంకా బాగుంది. బ్రాకెట్ తెరిచి మూయకపోతే ఆ బ్రాకెట్టే చూపించి, దీన్ని మూయలేదు అంటుంది. జావాస్క్రిప్ట్ కొన్నిసార్లు మాట్లాడకుండా ఊరుకుంటుంది. ఆబ్జెక్ట్‌లోని ప్రాపర్టీ పేరులో ఒక అక్షరం తప్పు రాస్తే ‘అన్‌డిఫైన్డ్’ అనుకుని ముందుకు పోతుంది. దాన్ని 60తో గుణిస్తే తెర మీద ‘ఎన్ఏఎన్’, అంటే ‘అంకె కాదు’ అని వస్తుంది. ఎక్కడ తప్పిందో మీరే వెనక్కి వెతుక్కుంటూ రావాలి.

తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు ఇంగ్లిష్ ఎర్రర్ చూడగానే గుండె జారిపోతుంది. వాళ్లకు నేను ఒక నోటుబుక్ పెట్టమంటాను. వచ్చిన ఎర్రర్ ఉన్నదున్నట్టు రాసుకోవాలి, కింద తెలుగులో అర్థం, దాని కింద సరిచేసిన పద్ధతి. కొత్తవాళ్లకు వచ్చే ఎర్రర్లు చాలావరకు అవే మళ్లీ మళ్లీ వస్తాయి. ఆ పుస్తకం నిండేసరికి ఇంగ్లిష్ భయం, ఎర్రర్ భయం రెండూ తగ్గుతాయి. కోడ్ రాయడానికి మంచి ఇంగ్లిష్ అక్కర్లేదు, ఎర్రర్‌లో ఉన్న ఆ కొద్ది మాటలు తెలిస్తే చాలు.

5. పైథాన్ ఎవరికి

మీ మనసు డేటా, మెషిన్ లెర్నింగ్ వైపు లాగుతూ, వెబ్ కూడా తెలిసి ఉంటే మంచిదనుకుంటే పైథాన్‌తోనే మొదలుపెట్టండి. సీబీఎస్ఈ స్కూళ్లలో 11, 12 తరగతుల్లో కంప్యూటర్ సైన్స్ తీసుకున్నవాళ్లకు అది ముందే వచ్చి ఉంటుంది. వచ్చిన భాషను వదిలేసి కొత్తదాని వెంట పడటం దండగ. వెబ్‌కు పైథాన్ తక్కువదేమీ కాదు. జాంగో అనే ఫ్రేమ్‌వర్క్ అమెరికాలోని కాన్సాస్‌లో ఒక స్థానిక దినపత్రిక వెబ్ పనుల కోసం పుట్టింది, 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇన్‌స్టాగ్రామ్ దాని మీదే పెరిగింది.

చిక్కు ఎక్కడంటే, పైథాన్‌లో లూపులు, ఫంక్షన్లు వచ్చాక కూడా వెబ్ పేజీ దూరంగానే ఉంటుంది. ఫ్లాస్క్ కానీ జాంగో కానీ ఎక్కించాలి, రూట్ అంటే తెలియాలి, టెంప్లేట్ అంటే తెలియాలి, ఆ తర్వాత సర్వర్ మీద పెట్టడం మరో తలనొప్పి. మధ్యలో ఆ ఎడం దగ్గరే చాలామంది జారిపోతారు. ఓపిక ఉన్నవాళ్లకు, పక్కన అడిగి చెప్పించుకునే మనిషి ఉన్నవాళ్లకు ఫరవాలేదు.

6. పీహెచ్‌పీని ఎగతాళి చేసేవాళ్ల మాట వినకండి

ఇది చచ్చిపోయిన భాష అని చాలామంది అంటారు. రాస్మస్ లెర్‌డార్ఫ్ 1995లో బయటపెట్టిన ఈ భాషలోనే వర్డ్‌ప్రెస్ రాశారు. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి 40కి పైగా వర్డ్‌ప్రెస్ మీద నడుస్తున్నాయి. మన తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాన్ని నడిపే మీడియావికీ కూడా పీహెచ్‌పీలో రాసిందే.

తెనాలిలోనో, కరీంనగర్‌లోనో ఉంటూ స్కూళ్లకు, నర్సింగ్‌హోములకు, ఫంక్షన్ హాళ్లకు, నగల షాపులకు సైట్లు కట్టి బతకాలనుకునేవాడికి పీహెచ్‌పీ ఇంత అన్నం పెడుతుంది. చవక హోస్టింగ్‌లో కూడా నడుస్తుంది. ఫైలు ఎక్కిస్తే చాలు, పేజీ సిద్ధం. అలాంటివాళ్లు హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ తర్వాత నేరుగా దీనికే రావచ్చు, జావాస్క్రిప్ట్ పక్కన కొద్దికొద్దిగా నేర్చుకోవచ్చు.

జాగ్రత్త ఒక్కటే. నెట్‌లో పీహెచ్‌పీ పాఠాలు చాలా పాతవి. డేటాబేస్‌తో మాట్లాడే పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను 2015 చివర్లో వచ్చిన పీహెచ్‌పీ 7లోనే తీసేశారు. అవి కనిపించే పాఠాన్ని అక్కడే మూసేయండి. ఫారంలో వచ్చిన మాటను నేరుగా క్వెరీలో అతికించే పద్ధతి నేర్పే పాఠాన్ని కూడా. గడిలో పేరు బదులు ఎవరైనా డేటాబేస్ భాష అయిన ఎస్‌క్యూఎల్ ముక్క ఒకటి రాస్తే, మీ డేటాబేస్‌లో ఉన్న కస్టమర్ల వివరాలన్నీ వాళ్ల చేతికి పోతాయి. ఆ మాటను క్వెరీలో కలపకుండా విడిగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

7. ఉద్యోగం కోసం జావా నేర్చుకుంటే చిన్నతనం కాదు

ఇంటి పరిస్థితిని బట్టి క్యాంపస్ ఉద్యోగమే ముందు రావాలంటే జావా చదవండి. పెద్ద ఐటీ కంపెనీల్లో, బ్యాంకుల ప్రాజెక్టుల్లో దాని బలం తగ్గలేదు. కాకపోతే వెబ్ మీద ఇష్టం పుట్టించడానికి అది మంచి మొదటి మెట్టు కాదు. ఒక్క మాట తెర మీద చూపడానికి ముందే సాధారణంగా క్లాసులు, మెథడ్లు అంటూ ఎన్నో అడ్డొస్తాయి.

8. మీ పేరు తెలుగులో రాసి పరీక్షించండి

దీన్ని నేను చూసిన ఏ కోర్సులోనూ నేర్పడం లేదు, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. ‘తెలుగు’ అనే మాటలో ఎన్ని అక్షరాలు? ఒకటో తరగతి పిల్లవాణ్ని అడిగినా మూడు అంటాడు. జావాస్క్రిప్ట్‌ను అడగండి, 6 అంటుంది. పైథాన్ 3 కూడా 6 అంటుంది. పీహెచ్‌పీలో స్ట్రింగ్ పొడవు చెప్పే మామూలు ఫంక్షన్ 18 అంటుంది.

ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. యూనికోడ్‌లో త, ల, గ మూడు, వాటి గుణింతపు గుర్తులు మూడు, కలిపి 6. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు, అంటే 18. పీహెచ్‌పీ బైట్లు లెక్కపెట్టింది. మల్టీబైట్ ఫంక్షన్ వాడితే అదీ 6 అనే చెబుతుంది. మనిషి కంటికి కనిపించే 3 కావాలంటే జావాస్క్రిప్ట్‌లో సెగ్మెంటర్ అనే సదుపాయం ఉంది, ఇప్పటి బ్రౌజర్లన్నిటిలో పనిచేస్తుంది.

ఇదేదో పండితుల చర్చ అనుకోవద్దు. పేరుకు 15 గుర్తులే అని హద్దు పెట్టిన ఫారంలో ‘వేంకటసుబ్రహ్మణ్యం’ అని రాయబోతే మధ్యలో ఆగిపోతుంది. పేరులో మొదటి అక్షరాన్ని తీసి గుండ్రటి బొమ్మలో చూపించే చోట ‘సీత’కు ‘స’ వస్తుంది, గుడిదీర్ఘం ఊడిపోతుంది. పేజీ యూటీఎఫ్-8 అని పైన ప్రకటించకపోతే అక్షరాల స్థానంలో పిచ్చి గీతలు వచ్చే ప్రమాదం ఉంది. ఒకప్పుడు తెలుగు వార్తల సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంట్ వాడేవి, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఏదీ చదవలేకపోయేవాళ్లం. యూనికోడ్ వచ్చి ఆ బాధ తీర్చింది. ఇక మిగిలింది మన చేతుల్లో ఉన్న పని. కొత్త భాషలో మొదటి ప్రోగ్రాం రాయగానే అమ్మ పేరు, ఊరి పేరు తెలుగులో ఇచ్చి చూడండి. మనవాళ్లు తమ సొంత పేరుతో వాడుకోలేని వెబ్‌సైట్ కట్టి లాభం లేదు.

9. భాష మార్చకండి, ఫ్రేమ్‌వర్క్ వెంట పరుగెత్తకండి

ఫ్లాష్ లేని వెబ్‌సైట్‌ను వెబ్‌సైటే కాదన్న రోజులు చూశాను. 2020 డిసెంబరు 31తో దానికి మద్దతు ఆగిపోయింది. 2006లో వచ్చిన జేక్వెరీ కొన్నేళ్లు ఏలింది. తర్వాత యాంగ్యులర్, 2013 నుంచి రియాక్ట్. వీటిలో ఏదీ పనికిరానిది కాదు, దేని కాలంలో అది ఉద్యోగాలు ఇచ్చింది. కానీ అడుగున ఉన్న జావాస్క్రిప్ట్ బాగా వచ్చినవాళ్లు ఒకదాని నుంచి ఇంకోదానికి ఇబ్బంది లేకుండా మారారు. రియాక్ట్ మాత్రమే వచ్చినవాళ్లు అది మారిన ప్రతిసారీ మళ్లీ మొదటికి వస్తున్నారు. మైక్రోసాఫ్ట్ 2012లో తెచ్చిన టైప్‌స్క్రిప్ట్ మంచిదే, జావాస్క్రిప్ట్‌లో చేయి తిరిగాక దానికి వెళ్లండి.

భాషలు మార్చడం ఇంకా పెద్ద జబ్బు. ఒక నెల పైథాన్, యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని ఇంకో నెల గో, స్నేహితుడికి ఉద్యోగం వచ్చిందని జావా. ప్రతిదాంట్లోనూ లూప్ దాకా వెళ్లి వెనక్కి వస్తారు. మొదటి భాష కష్టం, ఎందుకంటే అక్కడ మీరు నేర్చుకునేది భాష కాదు, సమస్యను ముక్కలు చేసి ఆలోచించడం. అది వచ్చాక రెండో భాష, తెలుగు చదవడం వచ్చినవాడు కన్నడ బోర్డు కూడబలుక్కున్నట్టు వచ్చేస్తుంది.

10. సర్వర్ అవసరం దానంతటదే రానివ్వండి

పాల లెక్క పేజీ మూసి తెరిస్తే అంకెలు పోతాయి. అప్పుడు బ్రౌజర్‌లోనే దాచుకునే లోకల్ స్టోరేజ్ నేర్చుకోవాలి. నాన్న ఫోన్‌లో రాసింది అమ్మ ఫోన్‌లో కనిపించడం లేదు. ఇప్పుడు సర్వర్, డేటాబేస్ ఎందుకో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. 2009లో రయన్ డాల్ తెచ్చిన నోడ్‌జేఎస్ వల్ల సర్వర్ వైపు కూడా జావాస్క్రిప్టే వాడవచ్చు, కొత్త భాష అక్కర్లేదు. ఎస్‌క్యూఎల్ మాత్రం విడిగా, శ్రద్ధగా నేర్చుకోండి. ఏ భాష పక్కనైనా పనికొస్తుంది.

డబ్బు లెక్క వచ్చినప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. జావాస్క్రిప్ట్‌లోనూ పైథాన్‌లోనూ 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, చివర ఎక్కడో ఒక 4 తోకలా వస్తుంది. దశాంశాలను కంప్యూటర్ బైనరీ పద్ధతిలో దాచుకోవడం వల్ల వచ్చే తేడా అది. అందుకే రూపాయలను పైసల్లోకి మార్చి పూర్ణాంకాలుగా దాచండి, చూపించేటప్పుడే రూపాయలు చేయండి.

11. ఏఐని అడగండి, కానీ కొట్టేది మీ వేళ్లే కావాలి

ఇప్పుడు ఏఐకి చెబితే పేజీ మొత్తం రాసిచ్చేస్తుంది, ఇక భాష ఎందుకు అంటున్నారు. అది ఇచ్చిన కోడ్‌లో 12 లీటర్లు వస్తే ఎందుకు వచ్చిందో చెప్పగలిగే మనిషి కావాలి కదా. అర్థం కాని లైనును తెలుగులోనే వివరించమని అడగండి, బాగా చెబుతుంది. వివరణ చదివాక కోడ్ మూసేసి మీరే రాయండి. రన్ కొట్టే ముందు ఏం వస్తుందో కాగితం మీద రాసుకోండి. రెండూ కలిస్తే ముందుకు, కలవకపోతే మళ్లీ చదవండి.

12. ఫీజు కట్టే ముందు

మోజిల్లావాళ్ల ఎండీఎన్, ఫ్రీకోడ్‌క్యాంప్ అనే పాఠాల సైట్లు ఉచితంగా ఉన్నాయి. నేను చూసిన చాలా కోర్సు మెటీరియల్ కంటే అవి మేలు. కోచింగ్‌కు వెళ్లొద్దని అనను. ఇంట్లో ఒంటరిగా కూర్చోలేనివాళ్లకు పక్కన పదిమంది చదువుతుండటం పెద్ద బలం. కానీ హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, కాస్త జావాస్క్రిప్ట్ సొంతంగా చేసి చూసుకున్నాకే డబ్బు కట్టండి. ఇది మీకు నచ్చే పనో కాదో అప్పటికి తెలిసిపోతుంది. అప్పు చేసి ఫీజు కట్టే ఇళ్లు ఉన్నాయి కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇంట్లో నిజంగా అవసరమున్న ఒక లెక్క తీసుకోండి. చీటీల లెక్క, కిరాణా ఖాతా, ట్యూషన్ పిల్లల హాజరు, ఏదైనా సరే. దాన్ని జావాస్క్రిప్ట్‌లో పూర్తి చేసి, గిట్‌హబ్ పేజెస్ లాంటి ఉచిత చోట పెట్టండి. ఆ లింకు మీ ఇంట్లో కంప్యూటర్ తెలియని ఒకరికి వాట్సాప్‌లో పంపి, మీరు పక్కన కూర్చుని ఏమీ చెప్పకుండా వాళ్లు వాడుతుంటే చూడండి. ఎక్కడ ఆగిపోయారో రాసుకుని సరిచేయండి. అది పూర్తయ్యేదాకా మరో భాష పేరు ఎత్తకండి.